చందా కట్టారు సరే, పిల్లలకు లాగిన్ ఇవ్వండి

సంపాదకునికి,

అయ్యా,

పేరున్న పరిశోధన పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివేవాళ్లకు ఉచితంగా అందించాలని కేంద్రం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం పెట్టింది. 2024 నవంబరులో మంత్రివర్గం ఆమోదించింది. 2025 నుంచి 2027 దాకా ఖర్చు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థల నుంచి దాదాపు 13,000 ఈ-జర్నళ్లు. ఇంత సొమ్ము పోసి కొన్నవి విశాఖలో ఎంతమంది పీజీ విద్యార్థులు తెరిచి చూస్తున్నారో ఎవరైనా అడిగారా?

నేను ఎకనామిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యాను. మద్దిలపాలెంలో మా వీధి అద్దె గదుల్లో ఉండే పిల్లలు సెమినార్ పేపర్లు దిద్దించుకోవడానికి వస్తుంటారు. ఎక్కడ చూసి రాశారంటే టెలిగ్రామ్ గ్రూపులో వచ్చిన పీడీఎఫ్, సీనియర్ల నోట్సు, ఈమధ్య చాట్‌జీపీటీ. చివర్లో రిఫరెన్సులు మాత్రం దర్జాగా ఉంటాయి. వెతికితే వాటిలో కొన్ని అసలు ఎక్కడా లేవు. రచయిత పేరు, సంవత్సరం, పేజీ నంబర్లతో సహా కల్పించినవే. పిల్లల్ని తిట్టి లాభం లేదు. క్యాంపస్ నెట్‌లో తెరుచుకున్న వ్యాసం గదికొచ్చి ఫోన్లో చూస్తే డబ్బు కట్టమంటుంది. బయటి నుంచి చదవడానికి వేరే లాగిన్ ఉంటుందని, అది తమ సంస్థే ఇప్పించాలని వాళ్లకు చెప్పినవాళ్లే లేరట.

అడ్మిషన్ రోజే ఐడీ కార్డుతో పాటు ఆ లాగిన్ కూడా ఇస్తే ఏం పోతుంది? మొదటి నెలలోనే లైబ్రరీ సిబ్బంది ఒక పూట కూర్చోబెట్టి వెతకడం నేర్పాలి. అధ్యాపకులు కూడా పేపర్ తీసుకునేటప్పుడు, అందులో చూపించిన వ్యాసాల్లో రెండింటిని అక్కడికక్కడే తెరిచి చూపించమనాలి. దాంతో సగం టక్కులు ఆగిపోతాయి.

ప్రైవేటు డిగ్రీ కాలేజీల పిల్లలకు ఈ పథకం వర్తించదు. ఇది అన్యాయమే, కాకపోతే వాళ్లకూ దారి లేకపోలేదు. శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం సహా దేశంలోని ఎన్నో వర్సిటీల పీహెచ్‌డీ గ్రంథాలను ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలోనూ పేరు నమోదు ఉచితమే. ద్వారకానగర్ పౌర గ్రంథాలయం వారు ఆదివారాలు ఒక గది, నాలుగు కంప్యూటర్లు ఏర్పాటు చేస్తే, ఇవన్నీ వాడటం నేర్పడానికి నాలాంటి రిటైరైనవాళ్లం జీతం అడక్కుండా వస్తాం.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు,
మద్దిలపాలెం, విశాఖపట్నం