బేరింగు పోతే డెక్కు మార్చాలా?

సంపాదక మహాశయా,

గడ్డి కోసే మా పాత రైడింగ్ మోవర్ పోయిన నెల నుంచి కీచుమని ఒకటే గోల. రిపేరుకు తీసుకెళ్తే డెక్కు, అంటే బ్లేడ్లు తిరిగే కింది ఇనుప తొడుగు, మొత్తం మార్చాలన్నారు. మనసొప్పక ఇంటికి తెచ్చేశాను. స్పార్క్ ప్లగ్ వైరు పీకి, బెల్టు తీసి, బ్లేడ్లను తిప్పే మూడు పుల్లీలనూ చేత్తో తిప్పి చూశాను. రెండు చప్పుడు లేకుండా తిరిగాయి. మూడోది ఇసుక నమిలినట్టు గరగరలాడింది. దాని బ్లేడు కొస పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే లొడలొడ. రోగం అక్కడే.

ఆ బ్లేడు ఇరుసును పట్టి ఉంచే గూడు (హౌసింగ్) విప్పితే పైనొకటి, కిందొకటి బేరింగులు. మట్టి తుడిస్తే సీలు మీద 6203-2ఆర్ఎస్ అని కనిపించింది. అంటే లోపలి రంధ్రం 17, బయట 40, మందం 12 మిల్లీమీటర్లు, రెండు పక్కలా రబ్బరు సీళ్లు. ఇరుసు కొలత కూడా చూసుకుని అదే నంబరు తెచ్చాను.

కొత్తవి హౌసింగ్‌లోకి దించేటప్పుడు బయటి రింగు మీదే దెబ్బ పడాలి. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బంతా గుండ్లకు తగిలి కొత్త బేరింగే గరగరమంటుంది. ఒకటి అలాగే పాడుచేశాను, ఒప్పుకుంటున్నా! రెండింటి మధ్య గొట్టంలాంటి స్పేసర్ మరిచిపోతే ఇంకా కష్టం, నట్టు బిగించగానే బేరింగులు నలిగిపోతాయి.

డెక్కు మార్చమనే ముందు ఆ పుల్లీని ఒక్కసారి మా ముందు తిప్పి చూపిస్తే ఏం పోయింది? మీ యంత్రాల పేజీలో ఈ సంగతి రాయగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు