తెగిన తీగ గురించి నాలుగు మాటలు

తల్లిదండ్రులకు నమస్కారం.

శనివారం రాత్రి కాలవగట్టు పక్కన కమ్యూనిటీ హాల్లో జరిగిన గిటార్ కచేరీ గురించి ఈ వారం నాకు వచ్చినన్ని ఫోన్లు పదో తరగతి ఫలితాలప్పుడు కూడా రాలేదు. చుట్టుపక్కల ఊళ్ల వాయిద్యకారుల మధ్య కూర్చున్న మన తొమ్మిదో తరగతి అమ్మాయి గిటార్‌కి పాట మధ్యలో మొదటి తీగ తెగింది. "స్టేజీ మీద తీగ తెగడం అపశకునం కదండీ, ఇక మాన్పించెయ్యమంటారా" అని అడుగుతున్నారు.

అపశకునం కాదండీ, తుప్పు. మన డెల్టా గాలి నిండా తేమ. దానికి వేళ్ల చెమట తోడైతే ఉక్కు తీగ ఎన్నాళ్లు ఆగుతుంది? వాయించాక పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

తెగిన తీగ గురించే అందరూ మాట్లాడుతున్నారు, ఆ తర్వాత జరిగింది ఎవరూ చెప్పడం లేదు. ఆ అమ్మాయి వేలాడుతున్న తీగని పక్కకి తోసి, చెయ్యి రెండో తీగ ఐదో మెట్టు మీదికి జరిపింది. మొదటి తీగని ఊరికే మీటితే పలికే స్వరం సరిగ్గా అక్కడే దొరుకుతుంది. ఎవరూ అందించకుండానే ఐదు తీగలతో పాట పూర్తి చేసింది. పక్కన తాళం వేస్తున్న ఎనిమిదో తరగతి అబ్బాయి లయ వదల్లేదు. మా లెక్కల మేష్టారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

గిటార్ మన వాయిద్యం కాదనే వారికి ఒక్క మాట. యు. శ్రీనివాస్ గారు 1969లో మన పాలకొల్లులోనే పుట్టారు. ఆరేళ్లకే నాన్నగారి మాండలిన్ పట్టుకున్నారు. అదీ పడమటి దేశాల నుంచి వచ్చిందే. దాని మీద కర్ణాటక సంగీతం పలికించి 1998లో పద్మశ్రీ అందుకున్నారు. వయొలిన్ కూడా బయటి నుంచి వచ్చిందే, ఇవాళ అది లేని కచేరీ ఎక్కడుంది? ఆ మాండలిన్‌ని పిల్లాడికి అందకుండా అటక మీద పెట్టి ఉంటే ఏమయ్యేది?

ఏమీ అనుకోకండి, మన ఇళ్లలో జరుగుతున్నది అదే. మార్కులు తగ్గాయని గిటార్ అటకెక్కించి, అదే చేతికి ఫోన్ ఇస్తున్నారు. మొదటి పీరియడ్‌లో కునికిపాట్లు పడేది రాత్రి పదకొండు దాకా ఫోన్ చూసిన పిల్లలే. శనివారం కూడా తమ పిల్లల వంతు అవగానే కుర్చీలు ఈడ్చుకుంటూ కొందరు వెళ్లిపోయారు. చివర వాయించిన పెద్దాయన ముందు సగం కుర్చీలు ఖాళీ. నాకు చాలా బాధేసింది.

మార్కుల కార్డులు సంతకం చేసి సోమవారం పంపండి, బస్సు ఫీజు 10వ తేదీలోగా కట్టండి.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి కొత్త తీగలు వెయ్యడం, శ్రుతి చెయ్యడం నేర్పిస్తున్నాం. అటక మీదున్న గిటార్ దింపి పిల్లలతో పంపండి. దుమ్ము మేమే తుడుచుకుంటాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు