సూపర్‌హీరో గ్రాఫిక్ నవలల్లో ఏవి చదవదగినవి: తల్లిదండ్రులకు లేఖ

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. మన పాఠశాల గ్రంథాలయంలో గ్రాఫిక్ నవలలకు, అంటే వరుస గడుల్లో గీసిన బొమ్మలతో కథ చెప్పే పుస్తకాలకు, ప్రత్యేకంగా ఒక అర కేటాయించిన నాటి నుంచి మీలో చాలామంది నన్ను రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. బొమ్మల పుస్తకాలకు అలవాటు పడితే పిల్లలు అసలైన చదువుకు దూరమవుతారేమో అన్నది మొదటిది. లెక్కకు మిక్కిలిగా ఉన్న సూపర్‌హీరో పుస్తకాల్లో దేన్ని ఇంటికి తేవాలో, దేన్ని వద్దనాలో తెలియడం లేదన్నది రెండవది. నా దృష్టిలో ఈ రెండూ ఒకటే ప్రశ్న. మంచి గ్రాఫిక్ నవలలో ఒక గడికీ దాని పక్క గడికీ నడుమ జరిగినదాన్ని పాఠకుడే ఊహించుకోవాలి, ముఖంలోని భావానికీ నోటి మాటకూ పొంతన లేనప్పుడు దేన్ని నమ్మాలో అతడే తేల్చుకోవాలి. ఆ పని చేయించే పుస్తకం చదివితే అది నిస్సందేహంగా చదువే. ఆ పని చేయించకుండా, పుట పుటకూ ఒక కొట్లాటను మాత్రమే చూపే పుస్తకం విషయంలో మీ అనుమానం న్యాయమైనదే. కనుక ఎంపిక ఎలా చేయాలన్నదే ఈ లేఖలో వివరించదలచాను.

అన్నిటికంటే ముందు, హీరో పేరు చూసి పుస్తకం కొనవద్దని మనవి. సూపర్‌మ్యాన్ 1938లోను, బ్యాట్‌మ్యాన్ 1939లోను తొలిసారి అచ్చులో కనిపించారు. అప్పటి నుంచి నేటి దాకా ఎందరో రచయితలు, చిత్రకారులు ఆ పాత్రలను చేపట్టారు, విడిచిపెట్టారు. కథను ఒకరు హాస్యంగా, మరొకరు భయానకంగా, ఇంకొకరు కేవలం నెల గడిచేందుకు నడిపారు. అందువల్ల అట్ట మీద బ్యాట్‌మ్యాన్ ఉన్నాడన్న సమాచారం ఆ పుస్తకం మంచిచెడ్డల గురించి దాదాపు ఏమీ చెప్పదు. కింద చిన్న అక్షరాల్లో ఉన్న రచయిత, చిత్రకారుల పేర్లే అసలు సమాచారం. పిల్లవాడికి ఒక పుస్తకం నచ్చితే అదే హీరో పుస్తకాన్ని కాక, అదే రచయిత రాసిన మరో పుస్తకాన్ని వెతికి పెట్టండి. సినిమా నటుల బొమ్మలతో వేసిన అట్టల గురించి వేరే చెప్పనక్కరలేదు. అవి సినిమాకు ప్రచారం మాత్రమే.

రెండవ జాగ్రత్త కీర్తికి సంబంధించినది. ఉత్తమ గ్రాఫిక్ నవలలంటూ ఎవరు జాబితా వేసినా అందులో 1986-87లో 12 సంచికలుగా వచ్చిన అలన్ మూర్, డేవ్ గిబ్బన్స్‌ల ‘వాచ్‌మెన్’, 1986లో 4 సంచికలుగా వచ్చిన ఫ్రాంక్ మిల్లర్ రచన ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’ పైవరుసలోనే ఉంటాయి. వాటి గొప్పతనాన్ని నేను కాదనను. పుటకు తొమ్మిది గడుల కట్టుదిట్టమైన చట్రంలో గిబ్బన్స్ గీసిన బొమ్మలను ఎన్నిసార్లు చూసినా కొత్త వివరం ఒకటి కంటపడుతూనే ఉంటుంది. అయితే ఈ రెండు పుస్తకాలూ సూపర్‌హీరో కథలు చదువుతూ పెరిగి పెద్దవారైన పాఠకుల కోసం రాసినవి. ఆ సంప్రదాయాన్ని నిలదీసి, దాని వెనుక ఉన్న హింసను, అహంకారాన్ని బయటపెట్టడమే వాటి ఉద్దేశం. ముసుగు వేసుకున్నవాడు మనల్ని కాపాడతాడన్న నమ్మకమే ఇంకా ఏర్పడని పిల్లవాడికి, ఆ నమ్మకాన్ని ప్రశ్నించే పుస్తకంలో రక్తం తప్ప మరేమీ కనిపించదు. ‘వాచ్‌మెన్’లో లైంగిక హింస ఉంది, సామూహిక మరణాలు ఉన్నాయి, వాటిని తట్టుకోగలిగినా ఆ వాదాన్ని అందుకోవడానికి ముందు కొంత చదివి ఉండాలి. అందుచేత దాన్ని మేము పై తరగతుల విద్యార్థులకే ఇస్తున్నాము. కీర్తి ఒక పుస్తకం స్థాయిని చెబుతుందే తప్ప, దాన్ని ఏ వయసులో చదవాలో చెప్పదు.

ఇక ఎంపికలో నేను వాడే ప్రధానమైన కొలతకు వస్తాను. పుస్తకం తెరిచి, హీరో బలం ఎక్కడ పనికిరాకుండా పోతుందో వెతకండి. బలంతో అన్నీ చక్కబడే కథలో పిల్లలు నేర్చుకునేది తక్కువ, గుర్తుపెట్టుకునేది అంతకంటే తక్కువ. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కోలు స్పైడర్‌మ్యాన్‌ను తొలిసారి పరిచయం చేసిన 11 పుటల చిన్న కథ ఇన్నేళ్లుగా నిలిచి ఉండటానికి కారణం అతడు గోడలు ఎక్కగలగడం కాదు. పారిపోతున్న దొంగను తనకెందుకులే అని వదిలేసిన కుర్రవాడు, అదే దొంగ తన చిన్నాన్న ప్రాణం తీశాడని ఆ తరువాత తెలుసుకుంటాడు. దొంగను పట్టుకోవడానికి శక్తి చాలింది. జరిగినదాన్ని వెనక్కి తిప్పడానికి మాత్రం చాలలేదు.

ఈ కొలతకు నిండుగా నిలిచే పుస్తకాల్లో, మాధ్యమిక తరగతుల పిల్లలకు నేను ముందుగా సూచించేది జీన్ లుయెన్ యాంగ్ రాయగా, గురిహిరు అనే పేరుతో కలిసి పనిచేసే ఇద్దరు జపాన్ చిత్రకారిణులు బొమ్మలు వేసిన ‘సూపర్‌మ్యాన్ స్మాషెస్ ది క్లాన్’. అమెరికాలో 1946లో ప్రసారమైన ఒక సూపర్‌మ్యాన్ రేడియో ధారావాహికను ఆధారం చేసుకుని 2019-20లో 3 సంచికలుగా వచ్చిన ఈ కథలో, చైనా మూలాలున్న లీ కుటుంబం కొత్త ఇంటికి మారుతుంది. తెల్లజాతి ఆధిక్యం కోసం ముసుగులు వేసుకున్న ముఠా వారిని బెదిరించేందుకు వారి ఇంటి ముందు శిలువను తగలబెడుతుంది. ఆ ముఠాను ఓడించడం సూపర్‌మ్యాన్‌కు ఏమంత కష్టం కాదు. కష్టమల్లా, తానూ పరాయి గ్రహం నుంచి వచ్చినవాడినేనన్న నిజాన్ని ఒప్పుకోవడం. ఆ నిజానికి భయపడి తన శక్తుల్లో సగాన్ని తనకు తానే అణచుకున్నాడు కనుక కథలో చాలా భాగం అతడు ఎగరలేక పరుగెత్తుతూనే ఉంటాడు. లీ కుటుంబంలోని చిన్నమ్మాయి రాబర్టా కొత్త బడిలో, కొత్త వీధిలో బిక్కుబిక్కుమంటూ అన్నిటినీ గమనిస్తుంది, చాలా విషయాలు పెద్దలకంటే ముందే గ్రహిస్తుంది. నాకు మరింత విలువైనదిగా తోచిన పాత్ర చక్ అనే కుర్రవాడిది. బేస్‌బాల్ జట్టులో తన స్థానం పోయిందన్న అక్కసు అతడిని ముఠాలో ఉన్న తన మామ దగ్గరకు చేరుస్తుంది. అతడు రాక్షసుడు కాడు, మన తరగతి గదుల్లో కనిపించే మామూలు పిల్లవాడు. ద్వేషం ఒక పిల్లవాడి మనసులోకి ఏ దారిన వస్తుందో, దాని నుంచి బయటపడటానికి ఎంత తెగువ కావాలో ఈ పుస్తకం ఉపన్యాసం లేకుండా చూపుతుంది. చివర రచయిత తన అనుభవాన్నీ, ఆ కాలపు చరిత్రనూ కలిపి రాసిన వ్యాసం కూడా ఉంది. పిల్లలు దాన్ని దాటవేస్తారు కాబట్టి మీరు చదివి వారికి చెప్పండి.

కొంచెం పెద్ద పిల్లలకు గ్రాంట్ మారిసన్, ఫ్రాంక్ క్వైట్లీల ‘ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్’ తగినది. తనకు మరణం ఖాయమని తెలిసిన సూపర్‌మ్యాన్ మిగిలిన రోజుల్లో ఏం చేస్తాడన్నదే 12 సంచికల ఈ కథ. ఇందులో ఒక్క పుట గురించి మీకు ముందుగా తెలియాలి. ఎత్తైన భవనం అంచున నిలబడి ప్రాణం తీసుకోబోతున్న ఒక అమ్మాయి వెనుకకు సూపర్‌మ్యాన్ వచ్చి నిలుస్తాడు. ఆమెను పట్టుకుని ఎగిరిపోడు, అద్భుతమేమీ చేయడు. ఆమె వైద్యుడు నిజంగానే ఆలస్యమయ్యాడని చెప్పి, ధైర్యపు మాటలు నాలుగు పలికి, ఆమె తనంతట తాను వెనుదిరిగే దాకా నిలబడి, దగ్గరకు తీసుకుంటాడు. ఈ పుట పిల్లల మనసులో ప్రశ్నలు లేపుతుంది. అలా లేపడం మంచిదే కానీ, ఆ ప్రశ్నలు లేచినప్పుడు పక్కన పెద్దవారు ఒకరు ఉండాలి. అందుకే దీన్ని పదమూడేళ్లు దాటిన తరువాత, మీరు కూడా చదివే పుస్తకంగా తీసుకోమంటున్నాను.

జి. విల్లో విల్సన్ రాయగా ఏడ్రియన్ అల్ఫోనా బొమ్మలు వేసిన, 2014లో మొదలైన ‘మిజ్ మార్వెల్’ తొలి సంపుటి మరుసటి ఏడాది, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే హ్యూగో బహుమతి పొందింది. పాకిస్తాన్ నుంచి అమెరికాకు వలస వెళ్లిన కుటుంబంలోని పదహారేళ్ల కమలా ఖాన్‌కు రూపం మార్చుకునే శక్తి వస్తుంది. ఆమె మొదట చేసే పని, తాను ఆరాధించే బంగారు జుట్టు హీరోయిన్‌లా మారిపోవడం. అలా మారాక దుస్తులు ఇరుకుగా, జుట్టు అడ్డంగా, అంతా అసౌకర్యంగా ఉందని గ్రహించడం. ఇంత సున్నితమైన విషయాన్ని ఇంత నవ్వు పుట్టించేలా చెప్పిన పుస్తకం ఈ కోవలో అరుదు. చిన్న తరగతుల పిల్లలకైతే సీసీ బెల్ ఆత్మకథాత్మక రచన ‘ఎల్ డెఫో’ ఇవ్వండి. చిన్నప్పుడే వినికిడి కోల్పోయిన ఈ రచయిత్రి కథలో మనుషులంతా కుందేళ్లే. బడిలో వాడే వినికిడి యంత్రం వల్ల ఉపాధ్యాయురాలు గది దాటి వెళ్లాక కూడా ఆమె మాటలు వినిపిస్తుంటే, ఆ పాప తనను తాను సూపర్‌హీరోగా ఊహించుకుంటుంది. (ఈ పుస్తకం చదివిన మా ఉపాధ్యాయులు కొందరు కొంతకాలం చాలా జాగ్రత్తగా మాట్లాడారు.)

బొమ్మల విషయంలో నేను చూసేది అందాన్ని కాదు. 1996 నాటి ‘కింగ్‌డమ్ కమ్’కు అలెక్స్ రాస్ వేసిన వర్ణచిత్రాలు గోడకు తగిలించుకునేంత అందమైనవి, అయినా పదుల కొద్దీ పాత పాత్రలను ముందే ఎరిగి ఉంటే తప్ప ఆ కథ కొత్త పాఠకుడికి అందదు. మాటలు తీసేసినా బొమ్మ కథ చెప్పగలదా అన్నదే నా ప్రశ్న. విలుకాడైన హీరో గురించి మాట్ ఫ్రాక్షన్ రాయగా డేవిడ్ ఆజా బొమ్మలు వేసిన ‘హాక్ ఐ’లో ఒక సంచిక మొత్తం కుక్క కళ్లతో సాగుతుంది. వాసనలు, మనుషులు, జ్ఞాపకాలు చిన్న గుర్తులుగా కనిపిస్తాయి, మనుషుల మాటల్లో కుక్కకు తెలిసిన పదాలు మాత్రమే మనకు దక్కుతాయి. ఇంకొక సంచికలో హీరోకు వినికిడి పోతుంది, మాటల బుడగలు ఖాళీ అవుతాయి, సైగల భాషను అనువాదం లేకుండా చేతుల బొమ్మలతోనే చూపుతారు. వీటిని చదివిన పెద్ద తరగతుల పిల్లలకు దృష్టికోణం అంటే ఏమిటో వేరే పాఠం చెప్పనక్కరలేదు.

కొనేముందు చూసుకోవలసిన చిన్న విషయం ఒకటి ఉంది. ఈ సంపుటాల్లో చాలా వాటిలో అయిదారు మాసపత్రికల సంచికలను కలిపి కుట్టి ఉంటారు. కొన్ని కథ నడుమ మొదలై, మరో హీరో పత్రికలో ముగుస్తాయి. పాఠకుడు అన్నీ కొనాలన్నదే అక్కడి ఉద్దేశం. ప్రచురణ సంస్థలు తరచూ లెక్కను మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాయి కనుక అట్ట మీద 1 అని ఉన్నంత మాత్రాన అది ఆరంభం కాకపోవచ్చు. మొదటి నాలుగు పుటలు, చివరి నాలుగు పుటలు తిరగేస్తే కథ తనకు తాను నిలబడుతుందో లేదో తెలిసిపోతుంది.

హింస గురించి భయపడడం కొత్తేమీ కాదు. అమెరికాలో 1954లో కామిక్స్ మీద సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది, ప్రచురణకర్తలు ‘కామిక్స్ కోడ్’ పేరుతో తమకు తామే నిబంధనలు విధించుకుని, వాటికి లోబడిన పుస్తకాల అట్టల మీద ఆమోద ముద్ర వేశారు. 1971లో మాదకద్రవ్యాల ప్రమాదాన్ని హెచ్చరిస్తూ ప్రభుత్వ శాఖే కోరిన మీదట రాసిన స్పైడర్‌మ్యాన్ కథకు, అందులో మాదకద్రవ్యాల ప్రస్తావన ఉందన్న కారణంతో ఆ కోడ్ ముద్ర దక్కలేదు. ముద్ర లేకుండానే అది వెలువడింది, నిబంధనలు ఆ ఏడాదే సవరించారు. ఇప్పుడు ప్రచురణ సంస్థలు అట్టల మీద వేసే వయసు గుర్తులను కూడా ఇదే దృష్టితో చూడండి. అవి పుస్తకంలో ఏం లేదో చెబుతాయి, ఏం ఉందో చెప్పవు.

గుర్తులు చెప్పని ఒక విషయాన్ని మాత్రం నేను తప్పక చూస్తాను. కథలో స్త్రీకి దెబ్బ తగిలితే, ఆ తరువాత కథ ఎవరి గురించి నడుస్తుంది? హీరోకు కోపం తెప్పించేందుకు మాత్రమే చంపబడిన, గాయపరచబడిన స్త్రీ పాత్రల జాబితాను గెయిల్ సిమోన్ 1999లో వెలువరించినప్పుడు, అది ఎంత పొడవుగా ఉందో చూసి అభిమానులే ఆశ్చర్యపోయారు. ఆమె ఆ తరువాత తానే పేరున్న కామిక్స్ రచయిత్రి అయింది. 1988 నాటి ‘ది కిల్లింగ్ జోక్’లో బ్రయన్ బోలండ్ బొమ్మలు అసాధారణమైనవే అయినా, అందులో పోలీసు కమిషనర్ కూతురు బార్బరా గోర్డన్ అనుభవించే క్రూరత్వం ఆమె కథ కానే కాదు, తండ్రినీ బ్యాట్‌మ్యాన్‌నూ పరీక్షించే సాధనం మాత్రమే. ఆ పుస్తకాన్ని మన గ్రంథాలయం కోసం తీసుకోలేదు. మీ పిల్లలు దాన్ని మరెక్కడైనా ఇప్పటికే చదివి ఉంటే మందలించవద్దు. ఆ సంఘటన తరువాత బార్బరా ఏమనుకుందో పుస్తకంలో ఎక్కడైనా ఉందా అని అడగండి.

పైన పేర్కొన్న పుస్తకాల్లో ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’, ‘కింగ్‌డమ్ కమ్’, ‘ది కిల్లింగ్ జోక్’ మినహా మిగిలినవన్నీ మన గ్రంథాలయంలో ఉన్నాయి. ‘ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్’ కోసం పేరు నమోదు చేసుకున్న విద్యార్థుల తల్లిదండ్రులు కోరితే, ఆ ప్రతిని ముందుగా వారికే ఇవ్వవలసిందిగా గ్రంథపాలకులకు సూచించాను. ఏ పుస్తకం మీదనైనా మీకు అభ్యంతరం ఉంటే, దాన్ని పూర్తిగా చదివిన తరువాత, పుట సంఖ్యతో సహా నాకు రాయండి. ఆ పుటను నేను మళ్లీ చదివి మీకు జవాబు ఇస్తాను.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు