పాత కారు టైమింగ్ సౌండు విని పెట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మన వైజాగ్‌లో ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డు మీద పాత అంబాసిడరో పద్మినీయో కనబడితే నాకు భలే సంతోషం, కానీ వాటిల్లో చాలా వాటికి సిలిండర్లు బోరింగ్ చేయించి, హెడ్ ఫేసింగ్ (ఇంజన్ పైమూత అడుగు కోసి చదును చేయడం) కొట్టించి, కార్బొరేటర్ కూడా మార్చేసి, తీరా టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పడాలనేది) దగ్గరకొచ్చేసరికి డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచే భాగం) అటూ ఇటూ తిప్పి సౌండు బాగుంది అన్న చోట బోల్టు బిగించేస్తున్నారు. ఐడిల్‌లో సౌండు బాగున్న చోట టైమింగ్ సాధారణంగా అడ్వాన్స్ ఎక్కువైపోయి ఉంటుందండి, అంటే రవ్వ మరీ ముందుగా పడుతుంది.

మా బావ గారి అంబాసిడర్, 1489 సీసీ ఇంజన్, దానికీ ఇదే చేశారు. ఊళ్ళో బాగానే తిరిగింది. నలుగురం ఎక్కి సింహాచలం ఘాట్ ఎక్కుతుంటే థర్డ్ గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కగానే రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు చప్పుడు, అది నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్, గాలి మిక్చర్ తనంతట తానే పేలడం), మెకానిక్ ఏమో వాల్వుల చప్పుడే అంటాడు. అలాగే తిప్పితే పిస్టన్లు పోతాయి.

పోనీ పుస్తకంలో ఉన్న డిగ్రీ (పిస్టన్ పైకి చేరేందుకు క్రాంకు ఇంకా ఎన్ని డిగ్రీలు తిరగాల్సి ఉండగా రవ్వ పడాలో ఆ లెక్క) పెడదామా అంటే అది కంపెనీ ఇంజన్‌కి రాసిన లెక్క, హెడ్ కోశాక కంప్రెషన్ పెరిగి మిక్చర్ త్వరగా మండుతుంది, పైగా డిస్ట్రిబ్యూటర్ లోపల స్పీడుని బట్టి అడ్వాన్స్ పెంచే వెయిట్ల స్ప్రింగులు ఇన్నేళ్ళకి సాగిపోయి ఉంటే అడ్వాన్స్ ముందే వచ్చేస్తుంది. 3000 ఆర్పీఎంలో క్రాంకు మిల్లీసెకనుకి 18 డిగ్రీలు తిరుగుతుందండి, అక్కడ తేడా వస్తే చెవికి దొరికేది కాదు.

టైమింగ్ లైటు (రవ్వ పడ్డప్పుడల్లా వెలిగే లైటు) కావాలి. ముందు సీబీ పాయింట్ (డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటు తెంపే కాంటాక్టు) గ్యాప్ సరిచూసి, డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే వాక్యూమ్ పైపు తీసి మూసేసి, లైటు క్లిప్పు ఒకటో నంబరు ప్లగ్గు వైరుకి పెట్టి, పుల్లీ మీద గుర్తు ఇక ముందుకి జరగకుండా ఆగిపోయేదాకా రేజ్ చేసి చూడాలి, ఆ చివరి డిగ్రీయే అసలైనది, అదే ఫుల్ అడ్వాన్స్. ఈ ఇంజన్‌కి 30 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, ఘాట్‌లో నాకింగ్ వస్తే రెండేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావచ్చు. పుల్లీ మీద గుర్తులు లేకపోతే టేపుతో చుట్టుకొలత తీసి 360తో భాగిస్తే ఒక్కో డిగ్రీ ఎన్ని మిల్లీమీటర్లో వచ్చేస్తుంది, టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరిన చోటు) గుర్తు నుంచి కొలిచి తెల్ల పెయింట్‌తో గీత పెట్టుకోవడమే. అలాగని భయపడి మరీ లేటు పెట్టేసినా పికప్ చస్తుంది, ఇంజన్ వేడెక్కుతుంది. ఇప్పుడొచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్ నాకింగ్ తట్టుకుంటుంది గానీ పాత కార్బొరేటర్‌లో మిక్చర్ లీన్ అవుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ అందదు, అందుకే జెట్లు (కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాలు) చూశాకే టైమింగ్ ముట్టుకోవాలి.

గాజువాక ఆటోనగర్‌లో, కంచరపాలెం ఐటీఐలో ఇప్పటి కుర్రాళ్ళు స్కానర్ పెట్టి ఇట్టే పని చేసేస్తున్నారు, వాళ్ళకి ఒక డిస్ట్రిబ్యూటర్ విప్పి వెయిట్లు, స్ప్రింగులు చూపించి టైమింగ్ లైటు పట్టడం కూడా నేర్పమని మీ పేపర్ ద్వారా మాస్టార్లని అడుగుతున్నాను. కార్లున్నవాళ్ళు కూడా బండి డెలివరీ తీసుకునేటప్పుడు ఫుల్ అడ్వాన్స్ ఎంత పెట్టారో బిల్లు మీద రాయించుకోండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, మర్రిపాలెం, విశాఖపట్నం