కార్యదర్శి వార్షిక నివేదిక: స్పైరోమెట్రీకే ఎక్కువ సమయం ఇచ్చిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఆస్తమా, సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాల జబ్బు) ఉన్నవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు, పరీక్షలు చేసే టెక్నీషియన్లు కలిసి నడుపుకుంటున్న మన సంఘం ఈ ఏడాది ముఖ్యంగా ఒక్క పని మీద కూర్చుంది. ఎంత గాలిని, ఎంత వేగంగా ఊదగలమో కొలిచే స్పైరోమెట్రీ పరీక్షకి వెళ్లేవాళ్లని సరిగ్గా ఊదేలా తయారుచేయడం. గత సర్వసభ్య సమావేశంలో మీరు అడిగిందే ఇది.

రక్తపరీక్షకి చెయ్యి చాపితే చాలు. ఈ పరీక్షకి అలా కుదరదు. సగం సగం ఊదితే బాగున్న ఊపిరితిత్తులు కూడా జబ్బుపడినట్టు కనిపిస్తాయి. అందుకే శిక్షణ తరగతుల్లో మన టెక్నీషియన్ సభ్యులు పరీక్ష గదిలో జరిగేదంతా చేసి చూపించారు. ముక్కుకి క్లిప్ పెట్టుకుని, గొట్టం చుట్టూ పెదాలు బిగించి, ఇక పట్టదు అనేంత గాలి పీల్చి, ఒక్క ఉదుటున బయటికి కొట్టాలి. మొదటి సెకను చాలామందికి బాగానే వస్తుంది. కష్టమంతా తర్వాతే. గాలి అయిపోయిందనిపించి అక్కడే ఆపేస్తారు. ఒక పెద్దావిడ అయితే "ఇంకా, ఇంకా" అని టెక్నీషియన్ అరుస్తుంటే తిడుతున్నారనుకుని టెన్షన్ పడి గొట్టం వదిలేశారట. తెరమీద గీత చదునుగా మారేదాకా, లేదంటే 15 సెకన్లదాకా ఊదించడానికే ఆ అరుపులని తరగతిలో తెలిశాక ఆవిడ రెండోసారి చక్కగా ఊదారు. కట్టుడు పళ్లు వదులుగా లేకపోతే తీయనక్కర్లేదన్న సంగతి కూడా చాలామందికి కొత్త. తీస్తే పెదాలకి ఆసరా పోయి గాలి పక్కనుంచి జారిపోతుంది.

సరిగ్గా వచ్చిన ఊదులు కనీసం 3 ఉండాలి. వాటిలో మెరుగైన రెండింటికీ తేడా 150 మిల్లీలీటర్లు దాటకూడదు. మళ్లీ మళ్లీ ఊదమన్నారని విసుక్కోకండి. ఈమధ్యే గుండెపోటు వచ్చినా, కంటి ఆపరేషన్ జరిగినా ముందే చెప్పండి.

రిపోర్టు చదవడంపై పెట్టిన సభే ఈ ఏడాది అన్నిటికంటే ఉపయోగపడిందని నా అభిప్రాయం. మొత్తం ఊదిన గాలి ఎఫ్‌వీసీ, అందులో మొదటి సెకనులో వచ్చినది ఎఫ్‌ఈవీ1. ఊపిరి గొట్టాలు విప్పే మందు ఇచ్చి, కాసేపాగి మళ్లీ ఊదించినా వీటి నిష్పత్తి 0.70 కంటే తక్కువే ఉంటే, ఆయాసం, దగ్గు, పొగ అలవాటు లాంటివన్నీ చూసి డాక్టర్లు సీఓపీడీ అని తేలుస్తారు. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో అంకె బాగుందని ఈ పరీక్ష మానుకోకండి. గొట్టాలు ఇరుకైనా ఆక్సిజన్ చాలాకాలం మామూలుగానే ఉండొచ్చు.

పొడవు పెరిగేకొద్దీ ఊపిరి సామర్థ్యం పెరుగుతుందని 1846లోనే ఇంగ్లండ్ వైద్యుడు జాన్ హచిన్సన్ చూపించాడు. రిపోర్టులోని శాతం, అంటే మీలాంటివాళ్లకి ఉండాల్సిన గాలిలో మీకు ఎంత వచ్చిందన్నది, ఇప్పటికీ వయసు, లింగం, పొడవు లెక్కతోనే వస్తుంది. కాబట్టి చెప్పులు విప్పి పొడవు కొలిపించుకోండి. జాతిని కూడా కలిపే పాత లెక్కల బదులు జాతి ప్రసక్తి లేని కొత్త లెక్కలు వాడాలని 2023లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ సూచించింది. పరీక్ష కేంద్రం లెక్క మార్చితే మీ ఊపిరిలో ఏ మార్పూ లేకపోయినా శాతం మారుతుంది. పాత రిపోర్టుతో పోల్చేటప్పుడు లీటర్లని చూడండి.

అంకెలతోపాటు గ్రాఫ్ కూడా ముద్రించి ఇమ్మని పరీక్ష కేంద్రాలకి ఉత్తరాలు రాశాం. కొందరు ఒప్పుకున్నారు, మిగతావాళ్లని మళ్లీ అడుగుతాం. గ్రాఫ్ లేని రిపోర్టులో సరిగ్గా ఊదారో లేదో డాక్టరుకి తెలిసే దారి లేదు.

జమాఖర్చుల పట్టిక జతచేశాం. వచ్చే ఏడాది డీఎల్‌సీఓ పరీక్ష (ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా చేరుతుందో చూసేది) గురించి, ఇంట్లో పీక్ ఫ్లో (ఊదే గాలి గరిష్ఠ వేగం) రాసుకోవడం గురించి తరగతులు ఉంటాయి. సర్వసభ్య సమావేశానికి మీ పాత రిపోర్టులు తీసుకురండి, టెక్నీషియన్ సభ్యులు పక్కన కూర్చుని చదివి చెబుతారు.

కార్యదర్శి