బకెట్లు బోర్లా దిగాలి బాబూ!

మండపేట దగ్గర,
ఆదివారం సాయంత్రం

ఒరే బావా,

తిట్టుకో. నీ ఉత్తరం సంక్రాంతికి వచ్చింది, ఇప్పుడు కాలవలు కూడా కట్టేశారు. రాద్దామని కూర్చున్న ప్రతిసారీ... సరేలే, నా సాకులు నీ దగ్గర చెల్లవు. అమ్మ మోకాలు కాస్త నయం. చెల్లి పెళ్ళి శ్రావణంలో. తాపేశ్వరం కాజాలు బాబాయి చేత పంపిస్తున్నా, లెక్కలో నాలుగు తగ్గితే ఆయన్నే అడుగు. కబుర్లు ఇంతే. అసలు సంగతి చెప్పకపోతే కడుపు ఉబ్బి చచ్చేలా ఉన్నా.

మన పాత రైస్ మిల్లుని కంప్యూటర్లో కట్టాను!

నవ్వకు. హైదరాబాద్‌లో ఒక గేముల కంపెనీ ఉద్యోగానికి ముందు పరీక్ష పెట్టింది. ఏదైనా ఫ్యాక్టరీ లోపలి భాగం చెయ్యాలి, పాతికవేల త్రిభుజాలు (గేముల్లో ఆకారాలు కట్టేది వీటితోనే) దాటకూడదు, ఫోన్లో కూడా తడబడకుండా నడవాలి. సెకనుకి 60 బొమ్మలంటే ఒక్కో బొమ్మకి దొరికేది 16 మిల్లీసెకన్ల పైచిలుకు, అంతే. సినిమాకైతే ఒక్క బొమ్మకి గంటలు పట్టినా అడిగేవాడు లేడు. ఇక్కడ చూసేవాడు తల తిప్పినప్పుడల్లా అప్పటికప్పుడు గీసి చూపించాలి. తాళం అడిగి, టేపు పట్టుకెళ్ళి, మూడొందల ఫోటోలు తీశా. మూతపడి ఇన్నేళ్ళయినా ఆ తవుడు వాసన పోలేదురా. ఊక గదిలోకి కూడా వెళ్ళా. అది తర్వాత చెప్తా, గుర్తు చెయ్యి.

నా పిసినారితనం విను. పుల్లీ గుండ్రంగా కనబడ్డానికి 32 పలకలు పెట్టొచ్చు, నేను 12తో సరిపెట్టా. రివిట్లు ఒక్కటీ చెక్కలేదు. నార్మల్ మ్యాప్ అని ఒక బొమ్మ అంటిస్తే, చదును రేకు మీదే వెలుగు పడే తీరు మార్చి ఎత్తుపల్లాలు ఉన్నట్టు నమ్మించేస్తుంది. టైలరు దగ్గర జరీ అంచు చుట్ట ఉంటుంది చూడు, ఎవరి జాకెట్టుకి కావాలన్నా అందులోంచే కత్తిరిస్తాడు. ట్రిమ్ షీట్ అని ఇంకో బొమ్మ, అదీ అంతే. 2048 పిక్సెళ్ళ చదరం ఒక్కటి. అందులో తుప్పు పట్టీ, టేకు దూలం పట్టీ, రివిట్ల పట్టీ, సున్నం రాలిన గోడ అంచు. మిల్లు మొత్తం ఆ ఒక్క చుట్టలోంచే కుట్టా. గాజు రేకులోంచి పడే ఎండని ముందే లెక్కగట్టి గోడలకి అంటించెయ్యాలి, దాన్ని బేకింగ్ అంటారు. సగంలో కరెంటు పోయింది. రెండుసార్లు. ఆ రాత్రి నేనన్న మాటలు ఇక్కడ రాయను.

ఇప్పుడు అసలు కథ. పంపేముందు ఎవరికైనా చూపిద్దామని... ఎవరిని పిలిచానో చెప్పుకో. పట్టా తాతని! అవును, తెగిన మిల్లు బెల్టు పట్టా ముక్క పట్టుకుని మనల్ని కాలవ గట్టు దాకా తరిమిన మన మిల్లు డ్రైవరు తాతే. పెద్దగా వినబడదు గానీ కళ్ళు డేగ కళ్ళు. (నీ వీపు ఎలా ఉందని అడగలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు.)

లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, బాణం మీటలు ఎలా నొక్కాలో చూపించా. తాత తలుపు దగ్గర్నుంచి నడిచి, సరాసరి ఎలివేటరు (బకెట్ల పట్టాతో వడ్లు పైకి మోసేది) దగ్గర ఆగాడు. ముఖం తెరకి ఆనించాడు.

"ఈ రివిట్లేంటండీ లోపలికి నొక్కుకుపోయినియ్? సుత్తి పెట్టి కొట్టారా?"

చూద్దును గదా, నిజమే! ఉబ్బి ఉండాల్సినవన్నీ గుంటలు. వారం రోజులు అదే రేకు చూస్తూ కూర్చున్నానురా, ఒక్కసారి కూడా కనబడలేదు. ఆ నార్మల్ మ్యాప్‌లో ఆకుపచ్చ రంగు పైకీ కిందికీ వాలు ఎంతో చెబుతుంది. నేను బొమ్మలు చేసే బ్లెండర్‌ది ఒక లెక్క, గేము నడిపే అన్‌రియల్‌ది సరిగ్గా దానికి తిరగేసిన లెక్క. పైనుంచి పడే వెలుగు కిందినుంచి పడ్డట్టయింది. ఒక్క టిక్కు పెడితే సరిపోయింది. అమ్మయ్య అనుకున్నానో లేదో, ఎలివేటరు తలుపు తెరిచి ఉన్న చోట వేలు పెట్టాడు.

"బాబూ, నిండు బకెట్లు ఎక్కుతున్నాయ్, నిండు బకెట్లే దిగుతున్నాయ్. మరి వడ్లు పడేదెక్కడండీ?"

నా నోరు మూతపడింది. నిజానికి ఆ పట్టా కదలదురా, దాని మీద బకెట్ల బొమ్మ జరుగుతూ ఉంటుందంతే. ఎక్కే వైపుకీ దిగే వైపుకీ ఒకే బొమ్మ వాడి, జరిగే దిక్కు మార్చి ఊరుకున్నా. పైన పుల్లీ మీద తిరిగేటప్పుడు బకెట్టు వడ్లు విసిరేసి, బోర్లా పడి ఖాళీగా దిగాలి గదా! చిన్నప్పుడు గంటలు గంటలు చూశాం మనం, బుర్రకెక్కలేదు. దిగే వైపు బొమ్మని తలకిందులు చేశా. తమాషా ఏంటంటే, అలా తిప్పగానే రెండు వైపులా ఒకే మెటీరియల్‌తో, అంటే ఒకే పైపూతతో, నడిచిపోయాయి, ఒకటి మిగిలింది కూడా. బొమ్మలోంచి వడ్ల పోగు చెరిపేశా. ఆ వేగంలో ఎవడూ పట్టుకోలేడు. తాత తప్ప.

లేస్తాడేమో అనుకున్నా. లేవలేదు. స్టార్టరు పెట్టె దాకా వెళ్ళి గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మెల్లగా అడిగాడు, "దేవుడి పటం తీసేశారేంటండీ?"

అన్నవరం సత్యనారాయణస్వామి పటంరా. దానికి దణ్ణం పెట్టకుండా తాత ఏనాడూ మోటారు వెయ్యలేదట. నా ఫోటోల్లో గోడకి మేకు మాత్రమే ఉంది. ఆ మేకు కూడా ఖర్చెందుకని వదిలేశా నేను. పటం అంటే ఎంతరా? రెండు త్రిభుజాలు! షీట్‌లో చోటు లేక, తుప్పు పట్టీ మూల కొంచెం కోసి అందులో ఇరికించా. ఇప్పుడు పుల్లీ అంచు మీద ఎక్కడైనా స్వామివారి కాళ్ళు కనిపిస్తాయేమోనని నాకు ఒకటే టెన్షన్.

వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానన్నాడు. అక్కడే వచ్చింది చిక్కు. ఊక గది గోడ మీద నువ్వు బొగ్గుతో గీసిన తాత బొమ్మ ఇంకా అలాగే ఉందిరా, పట్టాతో, మీసాలతో సహా. ఫోటో తీసి అదీ పెట్టేశా. కింద నీ పేరు కూడా ఉంది. ఆ గదికి తలుపు పెడదామంటే ఇంకో పన్నెండు త్రిభుజాలు, పెట్టకపోతే తాత నేరుగా

బాబాయి హారన్ కొడుతున్నాడు, రావులపాలెంలో బస్సు తప్పిపోతుందట. తలుపు పెట్టాలో వద్దో వెంటనే రాయి!

నీ
నూకగాడు