ఆకు రాలిన ఆర్కిడ్‌ను పారేయకండి

సంపాదకులకు,

మీ తోటపని పేజీలో ఆర్కిడ్లన్నిటికీ ఏడాది పొడవునా ఒకే లెక్కన నీళ్లు, ఎరువు ఇమ్మని రాశారు. ఫెలనాప్సిస్‌లాంటి నిత్యం పచ్చగా ఉండే రకాలకు అది నడుస్తుంది. ఆకురాల్చే రకాలకు మాత్రం ఆ సలహా చేటు. డెండ్రోబియంలలో నోబిలే, అనోస్మమ్, అఫిల్లమ్, ఇంకా కాటాసీటమ్, సిక్నోచెస్ ఈ కోవలోవి. చలికాలంలో వీటి ఆకులు పండి రాలిపోతే, ఎండిపోయిందనుకుని మరిన్ని నీళ్లు పోసి చంపేవాళ్లు, కుండీతో సహా పారేసేవాళ్లు చాలామంది.

ఈ డెండ్రోబియంలు ఆసియా వానకారు అడవులవి, కాటాసీటమ్‌లు అమెరికా ఖండపు ఉష్ణమండల అడవులవి. వానల్లో లావాటి కాడలు పెంచుకుని వాటిలో నీరు, ఆహారం దాచుకుంటాయి. వానలు వెనకబట్టాక ఆకు వదిలేసి ఆ నిల్వ మీద బతుకుతాయి. మనం కుండీలో చేయాల్సిందల్లా ఆ రెండు కాలాలనూ కల్పించడమే.

కొత్త పిలక పెరిగే నెలల్లో కరువు చూపకూడదు. కుండీలోని మిశ్రమం పూర్తిగా ఎండనివ్వకుండా నీళ్లు పోస్తూ, 20-20-20 ఎరువును (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్నది) లీటరుకు గ్రాము చొప్పున కలిపి వారానికోసారి ఇవ్వాలి. కాడ చివర ఆఖరి ఆకు విచ్చుకుని పొడవు పెరగడం ఆగిందంటే ఎరువు ఆపేయాలి. చాలామంది తప్పేది ఇక్కడే. ఆ తర్వాత కూడా నత్రజని, నీళ్లు అందుతుంటే నోబిలే కణుపుల దగ్గర మొగ్గలకు బదులు పిల్ల మొక్కలు వస్తాయి. కణుపును దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది: పూమొగ్గ గుండ్రంగా, మొద్దుగా ఉబ్బుతుంది. పిల్ల మొక్కకు కొన సూదిగా ఉండి, కొన్నాళ్లకు దాని అడుగున తెల్లటి వేళ్లు పొడుచుకొస్తాయి.

ఆకు రాలే విశ్రాంతి కాలంలో నోబిలేకు నీళ్లు తగ్గించి పొడిగా ఉంచడం ఒక్కటే చాలదు, చలి కూడా కావాలి. రాత్రివేళ 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ చల్లదనం నాలుగు నుంచి ఆరు వారాలు తగిలితేనే నిండుగా పూస్తుంది. రాత్రులు అంత చల్లబడని చోట అనోస్మమ్‌ను ఎంచుకోవడం మేలు. పొడి విశ్రాంతి ఇస్తే వెచ్చని చోట కూడా అది పూస్తుంది. పైగా దాని పరిమళం మరే పువ్వుకూ తీసిపోదు.

విశ్రాంతిలో వెలుతురు తగ్గించకండి, నీళ్లే తగ్గించండి. కాడల మీద సన్నటి ముడతలు పడటం సహజం. మరీ ముడుచుకుపోతే మూడు నాలుగు వారాలకోసారి పొద్దున పూట కొద్దిగా తడిపితే చాలు.

అన్నిటికన్నా ఓపిక కావాల్సింది మళ్లీ నీళ్లు మొదలుపెట్టే సమయంలో. అడుగున ఆకుపచ్చ పిలక కనిపించగానే చెంబు ఎత్తొద్దు. దానికి ఇంకా వేళ్లు లేవు. తాగే నోరు లేనప్పుడు పోసిన నీరు మిశ్రమంలోనూ లేత ఆకుల పొరల్లోనూ నిలిచి, పిలక మొదలు నల్లబడి కుళ్లుతుంది. కాటాసీటమ్‌కు కొత్త వేళ్లు 8 నుంచి 10 సెంటీమీటర్లు సాగేదాకా ఆగాలి. అప్పటిదాకా పిలకను పాత కాడే పోషిస్తుంది. కుండీ మార్చాలన్నా ఆ వేళ్లు అప్పుడే మొలుస్తున్న రోజుల్లోనే మార్చాలి. పొడవయ్యాక కదిలిస్తే విరుగుతాయి.

ఆకుల్లేని మోడు కాడలను అందం కోసం కత్తిరించడం మరో పొరపాటు. ఈ డెండ్రోబియంలు పూసేది ఆ కాడల కణుపుల మీదే. పూసిపోయిన కాడ కూడా గట్టిగా ఉన్నంతకాలం కొత్త పిలకకు తిండి పెడుతుంది. పూర్తిగా ఎండి గడ్డిపోచలా అయితేనే తీసేయండి. కాటాసీటమ్ ఆకుల అడుగున వెండిరంగు చుక్కలు కనిపిస్తే అది వయసు మీద పడటం కాదు, ఎర్రనల్లి. ఆకు అడుగు భాగం తడిసేలా నీటి ధారతో కడుగుతూ ఉంటే చాలావరకు అదుపులో ఉంటుంది.

ఇకమీదట నీళ్ల కొలత చెప్పేటప్పుడు అది ఏ రకానికో పేరుతో సహా వేయవలసిందిగా కోరుతున్నాను. సవరణ చలికి ముందే వస్తే మంచిది. ఈ మొక్కలకు ఎరువు ఆపి, నీళ్లు తగ్గించాల్సింది అప్పుడే.

ఇట్లు,
ఒక పాఠకుడు